రెండు పిన్నుల పని అనుకున్నది: బీబీసీ మైక్రోకి 6502 అడాప్టర్ బోర్డు

స్విచ్ వేయగానే ఒకటే కూత. ఆగదు. బీబీసీ మైక్రో అనే ఈ పాత కంప్యూటర్ బాగుంటే ఆన్ చేసిన వెంటనే ఒక్క క్షణం బొంగురుగా 'బూ' అంటుంది, దాని వెనకే సన్నగా 'బీప్' అంటుంది. మొదటి చప్పుడు సౌండ్ చిప్ తనంతట తాను చేసే గోల. ప్రాసెసర్ లేచి, రోమ్‌లో (చెరగని మెమరీలో) రాసి ఉన్న మొదటి పనులు చేసుకుంటూ వచ్చి, ఆ చిప్ నోరు మూయించి, తర్వాత తన బీప్ కొడుతుంది. ప్రాసెసర్ లేవకపోతే నోరు మూయించేవాడే ఉండడు. అందుకే ఈ మిషన్లు రిపేరు చేసేవాళ్లు మూత తీయకముందే సగం రోగం చెవితో పట్టేస్తారు.

దీన్ని నా దగ్గరికి తెచ్చింది ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు. గుంటూరు జిల్లాలో ఆయన పనిచేసిన స్కూలు వాళ్లు స్టోర్ రూమ్ ఖాళీ చేస్తుంటే మూడు మిషన్లు, సంచి నిండా క్యాసెట్లు అడిగి తెచ్చుకున్నారట. 1981 డిసెంబరులో ఇంగ్లండ్‌లోని ఎకార్న్ కంపెనీ విడుదల చేసిన కంప్యూటర్ మన స్కూలు స్టోర్ రూమ్‌లోకి ఎలా వచ్చిందని ఈ తరం వాళ్లకి అనుమానం రావచ్చు. స్కూళ్లలో కంప్యూటర్ నేర్పడానికి 1984లో మన దేశంలో మొదలైన క్లాస్ ప్రాజెక్టు కింద స్కూళ్లకి ఇచ్చినవి బీబీసీ మైక్రోలే. మాస్టారు మొదటిసారి కీబోర్డు మీద వేలు పెట్టింది కూడా దీని మీదే. ఆయనకి కావాల్సింది మిషన్ కంటే ఆ క్యాసెట్లలో ఉన్న సొంత బేసిక్ ప్రోగ్రాములు. పదో తరగతి పిల్లల కోసం పారాబోలా గీసే ప్రోగ్రాము ఒకటి ఉందని మూడుసార్లు చెప్పారు.

"ప్రాసెసర్ పోయినట్టుందండి మాస్టారూ" అన్నాను ఫోన్‌లో.

"పోతే ఇంకోటి వెయ్యవయ్యా, బల్బు మార్చినట్టు" అన్నారు.

బల్బు మార్చడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో ఏం జరిగిందో, ఎక్కడ తప్పు చేశానో పూర్తిగా రాస్తున్నాను. ఇంకెవరైనా ఇదే పని పెట్టుకుంటే కనీసం నా తప్పులు మళ్లీ చేయక్కర్లేదు.

చిప్ పోయిందని ఎలా తేలింది

ఈ వయసు మిషన్ ఏది వచ్చినా కరెంటు ఇచ్చే ముందు పవర్ సప్లై డబ్బా విప్పుతాను. మెయిన్స్ వైపు ఉండే పాత పేపర్ కెపాసిటర్లు ఈపాటికి పగుళ్లిచ్చి తేమ పీల్చుకుని ఉంటాయి. ప్లగ్ పెట్టిన పది నిమిషాలకి ఢాం అని గది నిండా పొగ. కాబట్టి అవి మార్చాకే మొదటి కూత విన్నాను. మూడు ఎర్ర వైర్లలోనూ 5 వోల్టులు నిక్కచ్చిగా ఉన్నాయి, ఊదా వైరులో మైనస్ 5 కూడా ఉంది. సప్లై గురించి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

తర్వాత స్కోప్ (వోల్టేజీ మార్పుల్ని తెర మీద గీతగా చూపించే ఆసిల్లోస్కోప్) తీసుకుని, ఈ మిషన్ ప్రాసెసర్ అయిన 6502ఏ కాళ్ల మీద పడ్డాను. పిన్ 40 రీసెట్, ఆన్ చేయగానే కిందుండి పైకి లేస్తోంది. పిన్ 37 క్లాక్, అంటే ప్రాసెసర్ పనికి లయ ఇచ్చే సిగ్నల్, 2 మెగాహెర్ట్జ్ వస్తోంది. ఆ క్లాక్‌నే ప్రాసెసర్ మదర్‌బోర్డు కోసం ఫై2 అనే పేరుతో పిన్ 39 నుంచి బయటికి పంపుతోంది. అంటే చిప్‌లో ప్రాణం ఉంది. కానీ పిన్ 7 సింక్ మాత్రం గీత గీసినట్టు కిందే ఉంది. ప్రాసెసర్ ప్రతి కొత్త ఇన్‌స్ట్రక్షన్ తెచ్చుకునేటప్పుడు ఈ పిన్ను ఒకసారి లేవాలి. లేవడం లేదంటే అసలు ఇన్‌స్ట్రక్షన్లే తెచ్చుకోవడం లేదు. మెమరీలో ఏ చోటు కావాలో చెప్పే అడ్రస్ లైన్లు ఒక్కొక్కటీ చూసుకుంటూ వెళ్తే పిన్ 20 దగ్గర, అంటే ఏ11 మీద, 1.2 వోల్టులు. సున్నా కాదు, ఒకటి కాదు, మధ్యలో వేలాడుతోంది.

ఇక్కడ తొందరపడి చిప్‌ని తిట్టకూడదు. ఆ లైన్‌ని మదర్‌బోర్డులో ఇంకేదైనా లాగుతూ ఉండొచ్చు. అందుకని 6502ఏని సాకెట్ నుంచి తీసి బ్రెడ్‌బోర్డు మీద నాప్ టెస్ట్ పెట్టాను. ఇది చాలా పాత ఉపాయం. డేటా లైన్లు ఎనిమిదింటినీ రెసిస్టర్లతో హెక్స్‌లో (పదహారు ఆధారంగా రాసే లెక్కలో) ఈఏ అనే సంఖ్య వచ్చేలా కట్టేస్తాం: డీ7, డీ6, డీ5, డీ3, డీ1 పైకి, మిగతా మూడు కిందికి. ఈఏ అంటే 'ఏమీ చేయకు' అనే ఇన్‌స్ట్రక్షన్, దాని పేరే నాప్. ప్రాసెసర్ ఎక్కడ చదివినా అదే కనబడుతుంది కాబట్టి పాపం అడ్రస్‌ని ఒకటొకటిగా పెంచుకుంటూ పోతూనే ఉంటుంది. ఒక్కో నాప్‌కి రెండు క్లాకులు. 1 మెగాహెర్ట్జ్ క్లాక్ ఇస్తే ఏ0 మీద 250 కిలోహెర్ట్జ్ కనబడాలి, ఆ పైన ఒక్కో లైనుకి సగం చొప్పున తగ్గుతూ ఏ15 దగ్గర సెకనుకి ఏడెనిమిది సార్లు. అక్కడ ఎల్‌ఈడీ పెడితే కంటికి రెపరెప తెలుస్తుంది.

అన్ని లైన్లూ లెక్క ప్రకారం ఆడాయి. ఏ11 మాత్రం అదే 1.2 వోల్టుల దగ్గర పడి ఉంది. బోర్డు నిర్దోషి, చిప్‌దే తప్పు. సింక్ ఎందుకు ఆగిందో కూడా దీంతో అర్థమైంది. రీసెట్ అవగానే 6502 ఎఫ్‌ఎఫ్‌ఎఫ్‌సీ అనే అడ్రస్ దగ్గర మొదట ఎక్కడికి వెళ్లాలో చదువుకుంటుంది. ఏ11 సరిగా లేకపోతే అది వేరే చోటు చదివి, పిచ్చి అడ్రస్‌కి దూకి, ఎక్కడో ఒక చోట పాత 6502ని బిగుసుకుపోయేలా చేసే కోడ్ మీద కాలేస్తుంది. ఇక మళ్లీ రీసెట్ దాకా కదలదు.

బజారులో దొరికేవి

6502ఏ కొత్తది ఇప్పుడు ఎవరూ తయారు చేయరు. ఆన్‌లైన్‌లో పాతవి అని అమ్మేవి ఐదు తెప్పించాను. మొత్తం ఐదింటి మీదా ఒకే బ్యాచ్ నంబరు, నిగనిగలాడే తెల్ల అక్షరాలు. దూదికి థిన్నర్ అద్ది రుద్దితే మూడింటి మీద అక్షరాలు దూదికి అంటుకుని వచ్చేశాయి, కింద ఇసుక కాగితంతో గీకిన గీతలు. రెండు అసలు లేవలేదు. రెండు 1 మెగాహెర్ట్జ్ దగ్గర బాగానే నడిచి 2 దగ్గర తడబడ్డాయి. ఒకటి మాత్రం నిజమైన సరుకు. అది వేయగానే మాస్టారి మిషన్ బీప్ అంది.

అక్కడితో వదిలేయొచ్చు. కానీ మిగతా రెండు మిషన్లలో ఒకదాని ప్రాసెసర్ కూడా పోయింది. ఐదు కొంటే ఒకటి పనికొచ్చే బేరం ఎన్నిసార్లు చేస్తాం? ఆ ఒక్క మంచి చిప్‌ని నేను కొలతబద్దగా దాచుకున్నాను. ఇక మీదట ఏ అనుమానం వచ్చినా దాన్ని సాకెట్‌లో పెట్టి స్కోప్‌లో చూడటం, తర్వాత నాది పెట్టి అదే చోట చూడటం. ఈ పనిలో నాకు అన్నింటికంటే ఎక్కువ ఉపయోగపడింది ఆ పోల్చి చూడటమే.

6502 వంశంలో ఈ రోజుకీ కొత్తగా తయారవుతున్నది డబ్ల్యూ65సీ02ఎస్. అసలు 6502 డిజైన్ చేసిన బృందంలో ఉన్న బిల్ మెన్ష్ పెట్టిన కంపెనీ, అమెరికాలో ఆరిజోనా రాష్ట్రంలోని వెస్టర్న్ డిజైన్ సెంటర్, దాన్ని అమ్ముతోంది. 14 మెగాహెర్ట్జ్ దాకా పోతుంది. మనకి కావాల్సింది 2. 40 కాళ్ల ప్యాకేజీలో కూడా వస్తుంది, కాళ్లు దాదాపు అన్నీ అవే.

ఆ 'దాదాపు' దగ్గరే కథంతా. పాత చిప్‌లో పిన్ 1 గ్రౌండ్. కొత్తదాంట్లో అది వెక్టర్ పుల్ అనే అవుట్‌పుట్, మామూలుగా 5 వోల్టుల దగ్గర ఉంటుంది. తిన్నగా గుచ్చితే ఆ అవుట్‌పుట్ గ్రౌండ్‌కి షార్ట్. పిన్ 36 పాతదాంట్లో ఖాళీ, కొత్తదాంట్లో బస్ ఎనేబుల్. దాన్ని పైకి లాగకపోతే చిప్ బస్సుని, అంటే అడ్రస్, డేటా లైన్ల గుంపుని, వదిలేసి కూర్చుంటుంది. పిన్ 5 కూడా ఖాళీగా ఉండేది, ఇప్పుడు అవుట్‌పుట్, వదిలేస్తే సరిపోతుంది. పిన్ 2 రెడీ కొంచెం తిరకాసుది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మొదటి ప్రయత్నంగా బోర్డూ ఏమీ లేకుండా సాకెట్ మీద సాకెట్ పెట్టి, పిన్ 1 బయటికి వంచి, 36కి 3.3 కిలో ఓమ్‌ల రెసిస్టర్‌తో 5 వోల్టులు ఇచ్చాను. స్విచ్ వేశాను. బూ, బీప్. తెర మీద పేరు, కింద బేసిక్, దాని కింద బాణం గుర్తు. రెండు పిన్నుల పనేగా అనుకుని ఆ రాత్రి హాయిగా పడుకున్నాను.

పదహారు నిమిషాలు

మర్నాడు వర్గాలు లెక్కేసి తెర మీద వేస్తూ పోయే చిన్న బేసిక్ ప్రోగ్రాము రాసి వదిలాను. పదహారు నిమిషాలకి ఆగిపోయింది. రీసెట్ కొడితే నాలుగు నిమిషాలకే ఆగింది. అరగంట చల్లారనిస్తే మళ్లీ పదహారు, పదిహేడు. వేడికి సంబంధం ఉందని దీంతో తేలిపోయింది. హెయిర్ డ్రయ్యర్ పెడితే రెండు నిమిషాల్లోనే రప్పించగలిగాను. ఇలా కావాలన్నప్పుడు రప్పించగలిగే జబ్బు సగం నయమైనట్టే లెక్క.

మొదట అనుమానం టైమింగ్ మీదికి పోయింది, వారం రోజులు అక్కడే తిరిగాను. తీరా డేటాషీట్లు పక్కపక్కన పెట్టి చూస్తే ఆ లెక్కలో కొత్త చిప్‌కే వెసులుబాటు ఎక్కువ. క్లాక్ పడటానికి ముందు డేటా 50 నానోసెకన్లు నిలకడగా ఉండాలని 6502ఏ అడుగుతుంది, కొత్తది 10 చాలంటుంది. ఆలస్యంగా వచ్చే రోమ్‌ని ఇది ఇంకా బాగా భరించాలి.

అసలు సంగతి వోల్టేజీలో ఉంది. పాత 6502 ఎన్‌మాస్ అనే పాత పద్ధతిలో చేసిన చిప్, 2 వోల్టులు కనబడితే 'ఒకటి' అనుకుంటుంది. ఆ కాలపు రోమ్‌లూ, ర్యామ్‌లూ, ఎల్‌ఎస్ రకం లాజిక్ చిప్‌లూ అన్నీ ఆ ఒప్పందం మీదే నడుస్తాయి, ఎన్‌మాస్ చిప్ 'ఒకటి' అని 2.4 వోల్టులు ఇస్తే చాలు, దాని మాట అది నిలబెట్టుకున్నట్టే. డబ్ల్యూ65సీ02ఎస్ పూర్తి సీమాస్, అంటే తర్వాతి కాలపు పద్ధతి. సప్లైలో పదింట ఏడు వంతులు, అంటే 3.5 వోల్టులు ఉంటేనే 'ఒకటి' అని గ్యారంటీగా చెప్తానంటుంది. ఆచరణలో సగం దగ్గర, 2.5 ప్రాంతంలో నిర్ణయం తీసుకుంటుంది. అందుకే చాలా మిషన్లలో చాలాసేపు బాగానే నడుస్తుంది, అందుకే ఇది మనల్ని మోసం చేస్తుంది.

స్కోప్ ట్రిగ్గర్‌ని బేసిక్ రోమ్ సెలెక్ట్ లైన్ మీద పెట్టి, రెండో ప్రోబ్ డీ5 మీద పెట్టాను. రోమ్ 'ఒకటి' చెప్పినప్పుడల్లా గీత నిటారుగా 2 దాకా లేచి, భుజం వాల్చి, చల్లగా ఉన్నప్పుడు 2.9 దగ్గర బల్లపరుపుగా ఆగుతోంది. డ్రయ్యర్ పెట్టాక ఆ బల్లపరుపు మెల్లగా కిందికి జారి 2.6 అయింది. దాని మీద అటూ ఇటూ బోర్డులోని గోల ఒక పావు వోల్టు. కొలతబద్ద చిప్ పెట్టి చూసినా అదే 2.6, కానీ అది 2 దగ్గరే తేల్చుకుంటుంది కాబట్టి దానికి చీమ కుట్టినట్టయినా లేదు. ఇక్కడ రోమ్‌ని తప్పు పట్టలేం. 2.4 ఇస్తానన్నది, 2.6 ఇస్తోంది. మనం తెచ్చి పెట్టిన కొత్త చిప్పే గట్టిగా అరిస్తే గానీ వినదు.

డేటా లైన్లకి పుల్‌అప్ రెసిస్టర్లు (లైన్‌ని 5 వోల్టుల వైపు లాగేవి) పెడితే పోలా అని అడుగుతారు. లెక్క వేసి చూడండి. బస్సు మీద కెపాసిటెన్స్ 100 పికోఫారడ్‌లు అనుకుందాం. 3.3 కిలో ఓమ్‌లు పెడితే ఆర్‌సీ, అంటే లైన్ ఎంత నెమ్మదిగా లేస్తుందో చెప్పే లెక్క, 330 నానోసెకన్లు, మన మొత్తం సైకిలే 500. అది పైకి లేచేసరికి బస్సు వెళ్లిపోతుంది. 1 కిలో ఓమ్ పెడితే వేగం వస్తుంది, కానీ 'సున్నా' చెప్పే ప్రతి పాత చిప్పూ 5 మిల్లీఆంపులు మింగాలి. అవి 1.6 మింగడానికి పుట్టినవి. రెసిస్టర్లతో కుదరదు.

బోర్డు మీద ఏముంది

కాబట్టి పాత సాకెట్‌కీ కొత్త చిప్‌కీ మధ్య పెట్టే అడాప్టర్ బోర్డు ఒకటి గీశాను. అందులో డేటా లైన్ల మధ్యలో 74హెచ్‌సీటీ245 బఫర్ (ఒక వైపు విన్నదాన్ని అవతలికి గట్టిగా చెప్పే చిప్) ఒకటి. హెచ్‌సీటీ రకం 2 వోల్టులకే 'ఒకటి' అని ఒప్పుకుంటుంది, అవతలికి నిండు 5 వోల్టులు ఇస్తుంది. దీనికి పది, పన్నెండు నానోసెకన్ల ఆలస్యం. పైన 50కీ 10కీ మధ్య మనకి మిగిలిన 40లో అది ఓ మూల.

బఫర్ ఏ వైపు నడవాలో రీడ్/రైట్ లైనే చెప్తుంది. ఎప్పుడు నడవాలి అన్నది కొంచెం ఆలోచించాల్సిన విషయం. పాత 6502 రాసేటప్పుడు ఫై2 పైన ఉన్న సగంలోనే డేటా బయటపెడుతుంది, మొదటి సగంలో నోరు మూసుకుంటుంది. నా బఫర్ రైట్ సైకిల్ అంతా మదర్‌బోర్డు వైపు అరుస్తూ ఉంటే, ముందు సైకిల్లో మాట్లాడిన చిప్ ఇంకా తప్పుకోకముందే ఇద్దరూ ఒకేసారి మాట్లాడతారు. అందుకని రీడ్ అయినా అయి ఉండాలి, ఫై2 అయినా పైన ఉండాలి, అప్పుడే బఫర్ తెరుచుకోవాలి. 245 ఎనేబుల్ కిందికి లాగితే పనిచేసేది కాబట్టి ఈ షరతు మొత్తానికి ఒక్క నార్ గేటు (ఇన్‌పుట్‌లలో ఏ ఒక్కటి పైన ఉన్నా అవుట్‌పుట్‌ని కిందికి లాగేది) చాలు.

నార్ గేట్లు ఒక 74హెచ్‌సీటీ02లో నాలుగుంటాయి. ఇంకో రెండింటిని ఇన్వర్టర్లుగా వాడి క్లాకులు తయారు చేశాను. కొత్త చిప్‌లో కూడా ఫై1, ఫై2 అవుట్‌పుట్‌లు ఉన్నాయి గానీ సిస్టమ్ టైమింగ్‌కి వాటిని వాడొద్దని దాని డేటాషీటే చెప్తుంది. సాకెట్ నుంచి వచ్చే క్లాక్ మొదటి గేటు దాటితే తిరగబడి ఫై1, రెండోది దాటితే మళ్లీ తిరగబడి ఫై2. నాలుగో గేటు మిగిలిపోయింది, దాని ఇన్‌పుట్‌లు గ్రౌండ్‌కి కట్టేశాను.

రెడీ పిన్ను సంగతి. పాత చిప్‌లో అది ఇన్‌పుట్ మాత్రమే. కొత్తదాంట్లో 'ఆగు' అనే ఒక ఇన్‌స్ట్రక్షన్ నడిస్తే చిప్పే ఆ పిన్నుని కిందికి లాగుతుంది. పాత మదర్‌బోర్డు దాన్ని తిన్నగా 5 వోల్టులకి కట్టేసి ఉంటే ఏమవుతుందో ఊహించుకోండి. మధ్యలో 1 కిలో ఓమ్ రెసిస్టర్ పెడితే బాధ లేదు.

అడ్రస్ లైన్లకి, రీడ్/రైట్‌కి బఫర్లు పెట్టలేదు, ఒక్కో దానికి 33 ఓమ్‌ల సిరీస్ రెసిస్టర్ పెట్టాను. కొత్త చిప్ అంచులు మరీ పదునుగా ఉండటం వల్ల ఆ పాత బోర్డు పొడవాటి ట్రేసుల మీద గంట కొట్టినట్టు మోగుతుంది. సాకెట్ మీద సాకెట్ పెట్టినప్పుడు ఏ3 మీద సున్నా కంటే ఒక వోల్టు పైగా కిందికి పోవడం చూశాను. 33 ఓమ్‌లతో ఆ మోత అణిగింది.

చిప్‌ని 44 కాళ్ల క్యూఎఫ్‌పీ (నాలుగు వైపులా కాళ్లుండే) ప్యాకేజీలో తీసుకున్నాను. సాకెట్‌లో కూర్చునే 40 పిన్నుల డిప్ ప్యాకేజీలో రెండు వరుసల మధ్య 15.24 మిల్లీమీటర్లు, కాళ్లతో కలిపి క్యూఎఫ్‌పీ 13 పైచిలుకు. పట్టీ పట్టనట్టు పట్టింది. కిందికి దిగే పిన్నుల విషయంలో ఒక మాట: బజారులో దొరికే చతురస్రపు హెడర్ పిన్నులు 0.64 మిల్లీమీటర్ల మందం. వాటిని నలభై ఏళ్ల సాకెట్‌లోకి దిగ్గొడితే లోపలి రేకులు శాశ్వతంగా విడిపోతాయి, రేపు మళ్లీ అసలు చిప్ పెడదామంటే వదులు. గుండ్రటి సన్న పిన్నులు ఖరీదెక్కువైనా అవే వాడాలి. వేరేవాళ్ల అడాప్టర్ చేతికొస్తే నేను మొదట చూసేది ఆ పిన్నులే.

మొదటి వెర్షన్‌లో చేసిన తప్పు

బోర్డులు ఐదు తెప్పించాను. మూడు వారాలకి వచ్చాయి. టంకం వేసి, మల్టీమీటర్‌తో షార్టులు చూసుకుని, పెట్టి స్విచ్ వేస్తే ఒకసారి కూత, ఒకసారి తెర నిండా రంగు గళ్లు, ఒకసారి సగం పేరు. సాకెట్ మీద సాకెట్ పెట్టినప్పుడు పదహారు నిమిషాలైనా నడిచింది. ఇంత ఆలోచించి గీసిన బోర్డు పదహారు సెకన్లు కూడా నడవలేదు.

చదవడంలో తప్పు లేదని నాప్ టెస్టులోనూ, తర్వాత చిన్న టెస్ట్ రోమ్‌తోనూ తేలింది. రాయడంలోనే ఏదో ఉంది. రైట్ సైకిల్ చివర మదర్‌బోర్డు ఫై2ని, డీ0ని కలిపి స్కోప్‌లో పరిచాను. ఫై2 కిందికి పడటం, డేటా మాయమవడం దాదాపు ఒకే క్షణంలో జరుగుతున్నాయి. కొలతబద్ద చిప్ పెట్టి చూస్తే ఫై2 పడ్డాక కూడా డేటా స్పష్టంగా కాసేపు నిలబడి ఉంది. పాత 6502 అలా కనీసం 30 నానోసెకన్లు పట్టి ఉంచుతానని మాట ఇచ్చింది. కొత్తది ఇచ్చిన మాట 10.

పది ఇచ్చినా చాలు కదా, అసలు సున్నా ఎందుకైంది? సర్క్యూట్ ముందు పెట్టుకుని చాలాసేపు చూశాను. అడాప్టర్ మీది ప్రాసెసర్‌కి క్లాక్‌ని సాకెట్ పిన్ 37 నుంచి తిన్నగా ఇచ్చాను. మదర్‌బోర్డుకి పంపే ఫై2ని మాత్రం రెండు గేట్లు దాటించి ఇచ్చాను. రెండు గేట్లంటే 20 నానోసెకన్లు. నా ప్రాసెసర్ దృష్టిలో సైకిల్ అయిపోయింది, డేటా కాసేపు పట్టుకుంది, వదిలేసింది. మదర్‌బోర్డు దృష్టిలో సైకిల్ అప్పుడే అవుతోంది. ఇద్దరి గడియారాలూ 20 నానోసెకన్ల తేడాతో నడుస్తుంటే ఎవరు ఎంత పట్టుకుంటే ఏం లాభం?

పాత 6502లో కూడా లోపలికి వచ్చే ఫై0కి, బయటికి పోయే ఫై2కి మధ్య ఆలస్యం ఉంటుంది. కానీ అది తన పనులన్నీ ఆ బయటి ఫై2 ప్రకారమే చేసుకుంటుంది. నేను కూడా అదే చేయాలి. బ్లేడుతో ఒక ట్రేస్ కోసి, వెంట్రుక లాంటి వైరుతో రెండో గేటు అవుట్‌పుట్‌ని ప్రాసెసర్ క్లాక్ ఇన్‌పుట్‌కి కలిపాను. ఇప్పుడు ప్రాసెసర్‌కీ మదర్‌బోర్డుకీ ఒకే ఫై2. ప్రాసెసర్ ఇచ్చే 10, బఫర్ ఆలస్యం ఇంకో 10, ఆ పైన బఫర్ మూతపడటానికి పట్టే సమయం. 30 కాకపోయినా 20 దాటింది. పక్కనే ఉన్న 6522 (బయటి పరికరాలతో మాట్లాడే చిప్) లాంటిది అడిగేది 10. పైగా హెచ్‌సీటీ గేటు నుంచి వచ్చే క్లాక్ నిండు 5 వోల్టులు కాబట్టి క్లాక్ పిన్నుకి కూడా వోల్టేజీ బాధ తీరింది. అది నేను అనుకుని చేసింది కాదు, కలిసొచ్చింది.

బూ, బీప్. వర్గాల ప్రోగ్రాము వదిలాను. డ్రయ్యర్ పెట్టాను. సాయంత్రం దాకా నడిచింది, తెల్లారి లేచి చూసినా నడుస్తోంది. ఆ వైరు మార్పుతో రెండో వెర్షన్ బోర్డు గీసి పంపాను.

అన్నీ నడవవు

ఈ బోర్డు పెట్టిన మిషన్ అచ్చంగా పాత మిషన్ కాదు, ఆ సంగతి ఇచ్చేటప్పుడే చెప్పాలి. పాత 6502లో డాక్యుమెంట్‌లో లేని కోడ్‌లు కొన్ని ఏదో ఒక పని చేసేవి, కొందరు గేమ్ ప్రోగ్రామర్లు వాటిని వాడుకున్నారు. కొత్త చిప్‌లో ఆ ఖాళీలు నిండిపోయాయి. హెక్స్ సీబీ ఇప్పుడు 'ఇంటరప్ట్ వచ్చేదాకా ఆగు', డీబీ అయితే 'పూర్తిగా ఆగిపో', రీసెట్ కొడితే తప్ప లేవదు. నా దగ్గరున్న గేముల్లో ఒకటి లోడ్ అయి, టైటిల్ చూపించి, నిలబడిపోయింది. దానికి బోర్డులో మందు లేదు.

చిన్న తేడాలు ఇంకొన్ని ఉన్నాయి. ఇన్‌డైరెక్ట్ జంప్ పాతదాంట్లో 5 సైకిళ్లు, కొత్తదాంట్లో 6. బీబీసీ మైక్రోలో ఆపరేటింగ్ సిస్టమ్‌ని పిలిచే దారులు చాలావరకు ఇలాంటి జంపుల గుండానే వెళ్తాయి, తెర మీద అక్షరం వేసే ఎఫ్‌ఎఫ్‌ఈఈ పిలుపుతో సహా. అంటే ఒక్కో అక్షరానికి అర మైక్రోసెకను ఎక్కువ. ఎవరికీ తెలియదు. ఒక మెమరీ చోటుని పెంచే, తగ్గించే ఇన్‌స్ట్రక్షన్లలో పాత చిప్ రెండుసార్లు రాసేది, కొత్తది రెండుసార్లు చదివి ఒకసారి రాస్తుంది. మామూలు ర్యామ్‌లో తేడా రాదు, హార్డ్‌వేర్ రిజిస్టర్ మీద అలా చేసే ప్రోగ్రాము ఉంటే మాత్రం వస్తుంది. నాకు ఇంతవరకు తగల్లేదు.

మాస్టారి బేసిక్ ప్రోగ్రాములకి ఇవేవీ అడ్డం కావు. రెండో వెర్షన్ బోర్డులు రెండు మిషన్లలో వేసి, మూడు రోజులు మూత బిగించి నడిపి, ఆయన్ని రమ్మన్నాను.

క్యాసెట్ ప్లేయర్ ఆయనే తెచ్చుకున్నారు. తెర మీద 'సెర్చింగ్' పడింది, కాసేపటికి 'లోడింగ్', పక్కన బ్లాక్ నంబర్లు. నాలుగో బ్లాక్ దగ్గర 'డేటా?' అని ఆగి టేపు వెనక్కి తిప్పమంది. నేను ప్లేయర్ హెడ్ పక్కనుండే చిన్న స్క్రూని చప్పుడు పదునెక్కేదాకా పావు చుట్టు తిప్పాను. ఆయన టేపు వెనక్కి తిప్పారు. రెండోసారి నాలుగు దాటింది, ఐదు, ఆరు, బీప్. రన్ కొట్టగానే ముందు అడ్డగీత, నిలువుగీత, తర్వాత ఎడమ నుంచి చుక్క చుక్కగా పారాబోలా దిగడం మొదలైంది.

మాస్టారు కాసేపు తెర చూసి, తర్వాత తెరిచి ఉన్న మిషన్‌లోకి వంగారు. కొత్త బోర్డు ఏదో వేలుతో చూపించాను. దాని మీద వేలు పెట్టి చూశారు. ఎన్‌మాస్ చిప్ అయితే ఈపాటికి చురుక్కుమనేది.

"చల్లగా ఉందేంటయ్యా, ఇది పనిచేస్తోందా?" అన్నారు.